స్మారకశిల ఎవరి చావును లెక్కిస్తుంది?

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం నడుమ, సమ్టర్ కౌంటీలో బుష్‌నెల్ అనే చిన్న పట్టణం ఉంది. టాంపా నగరం నుంచి ఉత్తర దిశగా కారులో గంట ప్రయాణం. మా అమ్మాయి ఉద్యోగరీత్యా టాంపాలో ఉంటుంది. ముప్పై ఏళ్ళ పాటు డిగ్రీ కళాశాలలో రాజనీతి శాస్త్రం బోధించి విరమించాక, నేను ఆమె దగ్గర కొన్ని నెలలు గడిపాను. ఒక ఆదివారం ఆమె నన్ను బుష్‌నెల్ తీసుకువెళ్ళింది. ‘ఇక్కడ ఏదో పాత యుద్ధభూమి ఉందట నాన్నా, మీకు ఇష్టం కదా’ అన్నది. అది సుమారు 80 ఎకరాల ఉద్యానవనం. పెద్ద పెద్ద ఓక్ చెట్లు, వాటి కొమ్మలకు నెరిసిన గడ్డాల్లా వేలాడే నాచు, పైన్ చెట్ల మధ్యగా సాగే పాత మట్టిబాట. ఆ బాట పక్కన అక్కడక్కడా రాళ్ళు పాతి ఉన్నాయి. మేజర్ డేడ్ పడిపోయిన చోటు ఇది, కెప్టెన్ ఫ్రేజర్ పడిపోయిన చోటు ఇది, లెఫ్టినెంట్ మడ్జ్ పడిపోయిన చోటు ఇది అని అవి చెబుతాయి. కొంచెం ముందుకు పోతే, సైనికులు చివరి గడియల్లో దుంగలతో కట్టుకున్న త్రికోణాకారపు అడ్డుగోడకు నమూనా కనిపిస్తుంది.

స్థలం ప్రశాంతంగా ఉంది. పిల్లలు ఆడుకుంటున్నారు, కుటుంబాలు చెట్ల కింద భోజనాలు చేస్తున్నాయి. ఏటా జనవరి తొలి రోజుల్లో ఇక్కడ ఆనాటి పోరును వేషాలు కట్టి మళ్ళీ ఆడి చూపిస్తారని, దూరప్రాంతాల నుంచి కూడా జనం వస్తారని చెప్పారు. నేను ఆ రాళ్ళ మధ్య నడుస్తూ ఒక లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. ఈ నేల మీద ఎవరి పేరుకు రాయి దొరికింది, ఎవరి పేరుకు దొరకలేదు అన్నదే ఆ లెక్క. కులం గురించి ఆలోచించడం అలవాటైన మనిషికి ఏ దేశం వెళ్ళినా ఆ చూపు వెంటే వస్తుంది.

1835 డిసెంబరు 23న మేజర్ ఫ్రాన్సిస్ డేడ్ నాయకత్వంలో సుమారు 110 మంది అమెరికన్ సైనికులు ఇప్పటి టాంపాలో ఉన్న ఫోర్ట్ బ్రూక్ నుంచి, ఇప్పటి ఒకాలా పట్టణంలో ఉన్న ఫోర్ట్ కింగ్‌కు బయలుదేరారు. దాదాపు వంద మైళ్ళ దారి. ఐదు రోజులు నడిచారు. దాడి జరిగితే నదులు దాటే చోటనో, దట్టమైన అడవిలోనో జరుగుతుందని అనుకున్నారు. ఆ చోట్లు దాటేశాక, బయలు ప్రదేశానికి వచ్చామన్న ధైర్యంతో ముందు, పక్కల కాపలా కూడా సరిగా పెట్టలేదు. డిసెంబరు 28 ఉదయం చలి ఎక్కువగా ఉంది. సైనికులు తూటాల పెట్టెల మీదుగా పెద్ద కోట్లు తొడిగి బొత్తాలు పెట్టుకున్నారు. పొడవైన గడ్డిలో, పైన్ చెట్ల చాటున సుమారు 180 మంది సెమినోల్ యోధులు కాచుకుని ఉన్నారు. వారి నాయకులు మికానోపి, జంపర్, అలిగేటర్. మికానోపి పేల్చిన తొలి తూటాకే డేడ్ గుర్రం మీదనుంచి కూలిపోయాడు. తొలి విడత కాల్పుల్లోనే దాదాపు సగం మంది నేలకొరిగారు. మధ్యాహ్నానికి అంతా ముగిసిపోయింది. రాన్సమ్ క్లార్క్ అనే సైనికుడు ఒళ్ళంతా గాయాలతో పాకుతూ, నడుస్తూ ఫోర్ట్ బ్రూక్ చేరాడు. సైనికుల్లో ప్రాణాలతో మిగిలినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అలిగేటర్ తరువాత ఇచ్చిన కథనం ప్రకారం సెమినోల్ పక్షాన చనిపోయింది ముగ్గురు, గాయపడింది ఐదుగురు. అదే రోజు ఫోర్ట్ కింగ్ దగ్గర ఒసియోలా అనే మరో సెమినోల్ వీరుడు, తమను తరిమివేసే పనిని నడిపిస్తున్న ప్రభుత్వ ఏజెంటు వైలీ థాంప్సన్‌ను కాల్చి చంపాడు. ఏడేళ్ళు నడిచిన రెండవ సెమినోల్ యుద్ధానికి అదే ప్రారంభం.

ఈ ఘటనకు అమెరికా చాలా కాలం పెట్టుకున్న పేరు ‘డేడ్ ఊచకోత’. ఇటీవలి దశాబ్దాల్లో దాన్ని ‘డేడ్ యుద్ధం’ అనడం మొదలైంది. ఒక్క మాట మార్పులో ఎంత రాజకీయం ఉందో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. ఆయుధాలు ధరించి, పరాయి నేల మీద కవాతు చేస్తున్న సైనికులు ఓడిపోతే ఊచకోత అయింది. అంతకు 19 ఏళ్ళ ముందు, 1816 జులై 27న, అప్పటికి స్పెయిన్ ఏలుబడిలో ఉన్న ఫ్లోరిడాలో అపలాచికోలా నది ఒడ్డున ఒక కోట ఉండేది. బానిసత్వం నుంచి తప్పించుకు వచ్చిన నల్లవారు తమ స్త్రీలతో, పిల్లలతో అందులో తలదాచుకున్నారు. దాన్ని ‘నీగ్రో కోట’ అనేవారు. అమెరికన్ ఫిరంగి పడవ ఎర్రగా కాల్చిన గుండును ఆ కోట మీదికి విసిరింది. అది మందుగుండు గదిలో పడింది. క్షణంలో 270 మంది వరకు మరణించారు. ఆ రోజును ఊచకోత అని పిలవాలని ఆనాటి సైనిక నివేదికలు రాసినవారికి తోచలేదు. చంపినవాడు ఎవరు, చచ్చినవాడు ఎవరు అన్నదాన్ని బట్టి పదకోశం మారిపోతుంది. ‘దాడి’, ‘ఘర్షణ’, ‘అవాంఛనీయ సంఘటన’ వంటి మాటలు మన పత్రికల్లో ఎప్పుడు ఎవరి విషయంలో వాడతారో గమనించే అలవాటున్నవారికి ఇది కొత్త సంగతి కాదు.

డేడ్ సైనికుల మృతదేహాలను రెండు నెలల తరువాత, 1836 ఫిబ్రవరిలో, జనరల్ గెయిన్స్ సేన కనుగొని అక్కడే పూడ్చింది. 1842 ఆగస్టులో యుద్ధం ముగిసిందని ప్రకటించిన సందర్భంలో ఆ అస్థికలను తవ్వి తీసి, సెయింట్ ఆగస్టీన్ పట్టణానికి సైనిక లాంఛనాలతో తరలించారు. గవ్వలు గడ్డకట్టిన రాయితో కట్టిన మూడు పిరమిడ్ల కింద అవి నేటికీ ఉన్నాయి. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో మరో స్మారక స్తంభం లేచింది. పోరు జరిగిన ఆరు వారాలు తిరగకముందే ఫ్లోరిడాలో ఒక కౌంటీకి డేడ్ పేరు పెట్టారు. నేటి మయామీ నగరం ఉన్నది ఆ కౌంటీలోనే. జార్జియాలోనూ, మిస్సోరీలోనూ డేడ్ కౌంటీలు ఉన్నాయి. మా అమ్మాయి ఉండే చోటికి కొద్ది దూరంలోనే డేడ్ సిటీ ఉంది. ‘ఇన్నేళ్ళుగా ఆ ఊరి మీదుగా పోతున్నాను, అది ఒక మనిషి పేరని కూడా తెలియదు నాన్నా’ అన్నది ఆమె. 1921లో ఫ్లోరిడా శాసనసభ సొమ్ము కేటాయించి ఈ యుద్ధభూమిని కొనిపించింది. ఒక రాజ్యం తన మృతులను ఇంత శ్రద్ధగా గుర్తుపెట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఆ సైనికుల్లో చాలామంది పేదవారు, పొట్టకూటికి సైన్యంలో చేరిన వలసదారులు. వారి చావు కూడా చావే. కానీ ఆ చావులకు కారణమేమిటో చెప్పని స్మృతి సగం స్మృతి మాత్రమే.

కారణం వెతికితే మొదట భూమి కనిపిస్తుంది. 1821లో ఫ్లోరిడా స్పెయిన్ చేతినుంచి అమెరికా చేతికి వచ్చింది. 1823 సెప్టెంబరులో మౌల్ట్రీ క్రీక్ దగ్గర కుదిరిన ఒడంబడికతో సెమినోలులు ఫ్లోరిడా అంతటి మీదా తమ హక్కును వదులుకుని, ద్వీపకల్పం నడుమ సుమారు 40 లక్షల ఎకరాల హద్దుల్లోకి వెళ్ళవలసి వచ్చింది. ఆ హద్దు గీసిన నేలనే ‘రిజర్వేషన్’ అన్నారు. మన దగ్గర ఆ మాట వినగానే తలుపు తెరుచుకోవడం గుర్తుకు వస్తుంది. అక్కడ ఆ మాటకు మొదటి అర్థం కంచె. ఆ కంచె కూడా ఎంతో కాలం నిలవలేదు. 1830లో ఆండ్రూ జాక్సన్ ప్రభుత్వం ఆదివాసులను మిసిసిపీ నదికి పడమరగా తరలించే చట్టం చేసింది. 1832లో పేన్స్ లాండింగ్ దగ్గర కొందరు సెమినోల్ నాయకుల చేత మరో ఒడంబడిక మీద గుర్తులు వేయించారు. ఆ మరుసటి ఏడాది పడమటి నేలను చూడడానికి వెళ్ళిన నాయకుల చేత అక్కడే ఇంకొక కాగితం మీద సంతకాలు తీసుకున్నారు. ఆ సంతకాలు బలవంతపువని నాయకులు మొత్తుకున్నా వినలేదు. డేడ్ సైన్యం నడిచింది ఆ తరలింపును అమలుచేసే బలగాలకు తోడుగా.

భూమి వెనుక రెండో కారణం ఉంది. స్మారక ఉపన్యాసాలు ఎంతో కాలం పక్కన పెట్టినది దానినే. పేన్స్ లాండింగ్ ఒడంబడికలోనే, తప్పించుకుపోయిన బానిసల విషయంలో యజమానులు వేసే దావాలను తీర్చడానికి సొమ్ము కేటాయించే షరతు ఒకటి ఉంది. ఆదివాసుల తరలింపు ఒప్పందంలో బానిసల పద్దు ఎందుకు వచ్చింది? జార్జియా, కరొలినా తోటల నుంచి పారిపోయిన నల్లవారు తరాలుగా ఫ్లోరిడాకే వచ్చేవారు కనుక. తమ మతం స్వీకరించిన పారిపోయిన బానిసలకు స్వేచ్ఛ ఇస్తామని స్పెయిన్ రాజు 1693లోనే ప్రకటించాడు. వచ్చినవారిలో ఎందరో సెమినోలుల పొరుగున ఊళ్ళు కట్టుకున్నారు. ‘సెమినోల్’ అన్న మాటే, కట్టు తెంచుకుపోయినవాడు అనే అర్థం ఉన్న స్పానిష్ పదం నుంచి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. నల్ల సెమినోలులు తమ పొలాలు తామే దున్నుకునేవారు, తుపాకులు ధరించేవారు, తమ ఊళ్ళను తామే నడుపుకునేవారు. సెమినోల్ నాయకుడికి ఏటా పంటలో కొంత భాగం ముట్టజెప్పేవారు. పేరుకు వారిలో చాలామంది ఆ నాయకుల ‘బానిసలే’. కానీ ఒక మైలు ఉత్తరాన ఉన్న పత్తి తోటలో బానిస అనే మాటకున్న అర్థం ఇక్కడ లేదు. తోటల యజమానులను భయపెట్టింది సరిగ్గా ఆ తేడాయే. నల్లవాడు కొరడా లేకుండా వ్యవసాయం చేయగలడని, ఊరిని నడపగలడని చూపించే ఒక్క ఊరు పక్కన ఉన్నా, బానిసత్వం సహజమనే శాస్త్రం నిలవదు.

అటువంటి ఊరు ఒకటి ఇదే సమ్టర్ కౌంటీలో ఉండేది. దాని పేరు పిలక్లికాహా. మికానోపికి దుబాసీగా, సలహాదారుగా పేరు పొందిన అబ్రహాం అనే నల్ల నాయకుడి ఊరు కనుక ‘అబ్రహాం పాత ఊరు’ అని కూడా అనేవారు. 1836 వసంతకాలంలో జనరల్ యూస్టిస్ సేన ఆ ఊరిని తగలబెట్టింది. ఊరు మండుతున్న దృశ్యాన్ని గీసిన ముద్రిత చిత్రం ఒకటి మరుసటి ఏడాదే వెలువడింది. కాల్చిన ఊరి బొమ్మ అంత తొందరగా అచ్చయింది కానీ, ఆ ఊరి మట్టిని తవ్వి, అక్కడి మనుషులు ఎలా బతికారో పరిశోధకులు వెదకడానికి ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా ఆగవలసి వచ్చింది. డేడ్ పడిపోయిన నేలను ప్రభుత్వం 1921లోనే కొన్నది. ఒకే కౌంటీలోని రెండు స్థలాలకు స్మృతి చేరిన వేగం ఇలా ఉంది.

ఇక ఒక మనిషి సంగతి చెప్పాలి. డేడ్ సైన్యంతో వెళ్ళిన వారిలో సైనికుడు కాని ఒక నల్లవాడు ఉన్నాడు. పేరు లూయీ పచెకో. పుట్టుకతో బానిస. చదవడం, రాయడం వచ్చు. ఇంగ్లీషు, స్పానిష్, ఫ్రెంచి భాషలతో పాటు సెమినోలుల భాష కూడా తెలుసు. బానిసకు అక్షరం నేర్పడమే నేరంగా చూసే రోజుల్లో నాలుగు భాషలు తెలిసిన ఈ మనిషిని, దారి చూపేందుకు, దుబాసీగా ఉండేందుకు సైన్యం అతని యజమానురాలి నుంచి నెలకు 25 డాలర్లకు బాడుగకు తీసుకుంది. అతని పాండిత్యం అతనిది, బాడుగ యజమానులది. ఆ ఉదయం అతను చావలేదు. సెమినోలులు అతన్ని తమతో తీసుకుపోయారు. అంతే, సైన్యాన్ని ఉచ్చులోకి నడిపించిన ద్రోహి అతనేనన్న మాట పుట్టింది. బానిసత్వ వ్యతిరేక నాయకుడు, చట్టసభ సభ్యుడు జాషువా గిడింగ్స్ 1858లో రాసిన గ్రంథంలో అదే కథను తిరగేసి, పచెకో కావాలనే శత్రువుకు కబురు పంపి తన జాతి పక్షాన నిలిచిన వీరుడని చిత్రించాడు. ఒకరికి ద్రోహి, ఒకరికి వీరుడు. అతని మాట మాత్రం ఎవరూ అడగలేదు. పడమటికి తరలింపబడి, యాభై ఏళ్ళకు పైగా గడిచాక, 1892లో ముసలివాడై ఫ్లోరిడాకు తిరిగి వచ్చాడు. తన బాల్యంలో బానిసగా పెరిగిన కుటుంబం వారి ఆశ్రయంలోనే జాక్సన్‌విల్‌లో చివరి రోజులు గడిపాడు. అప్పుడు ఒక పత్రికకు తన కథ చెప్పాడు. తాను ఎవరికీ కబురు పంపలేదని, ప్రమాదం ఉందని హెచ్చరించానని అన్నాడు. 1895లో మరణించాడు.

ఏది నిజమో నేను తీర్పు చెప్పబోవడం లేదు. నన్ను నిలవేసింది మరొక కాగితం. పచెకో పోయినందుకు పరిహారం ఇవ్వాలని అతని యజమాని కుటుంబం ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టింది. అడిగిన సొమ్ము 1,000 డాలర్లు. సైన్యం బాడుగకు తీసుకున్న గుర్రం చస్తే వెల కట్టి ఇస్తారు కదా, బానిస పోతే ఎందుకు ఇవ్వరు అన్నది వారి వాదన. 1848, 1849 సంవత్సరాల్లో అమెరికా ప్రతినిధుల సభ దీని మీద తీవ్రంగా వాదించుకుంది. మనిషి ఆస్తి అవుతాడా, సమాఖ్య ప్రభుత్వం తన చట్టంలో మనిషిని ఆస్తిగా గుర్తించిందా అన్నది ప్రశ్న. మనిషి ఆస్తి కాడని, ఈ దావాను ఒప్పుకుంటే స్వేచ్ఛా రాష్ట్రాల ప్రజలు కూడా బానిస వ్యాపారంలో భాగస్వాములవుతారని గిడింగ్స్ వాదించాడు. ఆ సమయానికి పచెకో బతికే ఉన్నాడు. అతను మనిషా, సామానా అని ఒక గొప్ప ప్రజాస్వామ్యపు చట్టసభ ఓట్లు లెక్కపెట్టుకుంటోంది. అమెరికన్ రాజ్యాంగాన్ని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడిని. సభల నిర్మాణం, అధికార విభజన, నిరోధ సంతులనాలు విద్యార్థులకు వల్లె వేయించాను. ఆ సభ ఒక రోజు ఏ విషయం మీద ఓటు వేసిందో చెప్పే ఈ ఒక్క ఉదంతం చెప్పి ఉంటే, ఆ పాఠం ఎంత వేరుగా ఉండేదో బుష్‌నెల్ చెట్ల కింద కూర్చున్నప్పుడు తోచింది.

అసౌకర్యమైన సంగతిని కూడా దాచకూడదు. తొలి దాడి ముగిశాక నలభై యాభై మంది నల్లవారు గుర్రాల మీద వచ్చి, గాయపడి పడివున్నవారిని చంపారని రాన్సమ్ క్లార్క్ చెప్పాడు. అతని మాట నిజమే కావచ్చు, కొంత పెంచినదీ కావచ్చు. అణగారినవారి ప్రతిఘటన అంతా పూలబాటగా ఉంటుందని నేను ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఆ వారాల్లోనే తూర్పు తీరాన చెరకు తోటల నుంచి వందల మంది బానిసలు తోటలు వదిలి సెమినోలులతో కలిశారన్న సంగతిని దీని పక్కన పెట్టి చదవాలి. సేనాని జనరల్ జెసప్ 1836 చివర తన పైవారికి రాస్తూ, ఇది ఇండియన్ల యుద్ధం కాదని, నీగ్రోల యుద్ధమని తేల్చాడు. దీన్ని త్వరగా అణచకపోతే దక్షిణ రాష్ట్రాలు తమ బానిసల మీద దాని ప్రభావాన్ని చూడవలసి వస్తుందని హెచ్చరించాడు. యుద్ధం నడిపినవాడికి దాని స్వభావం తెలుసు. దాన్ని స్మరించేవారే మరచిపోయారు.

అదే జెసప్ 1837 మార్చిలో ఒక సంధి కుదుర్చుకున్నాడు. సెమినోలులు పడమటికి వెళ్తారు, వారి నల్ల మిత్రులు కూడా వారితో వెళ్ళవచ్చు అన్నది షరతు. సంధి జరిగిన చోటు పేరు ఫోర్ట్ డేడ్. తోటల యజమానులు గగ్గోలు పెట్టగానే ఆ షరతు నీరుగారింది, బానిసలను పట్టుకునేవారు శిబిరాల చుట్టూ తిరగసాగారు. తమవారి మీద నమ్మకం పోయేసరికి జూన్‌లో ఒసియోలా అనుచరులు వచ్చి, ఓడల కోసం వేచివున్న వందల మందిని రాత్రికి రాత్రి తీసుకుపోయారు. అక్టోబరులో తెల్లజెండా కింద మాట్లాడడానికి వచ్చిన ఒసియోలాను జెసప్ మనుషులు బంధించారు. 1838 జనవరిలో అతను చెరలోనే మరణించాడు. చివరికి జెసప్, లొంగిపోయిన నల్లవారికి స్వేచ్ఛ ఇస్తానని మాట ఇచ్చాడు. దాన్ని నమ్మి ఎందరో పడమటికి వెళ్ళారు. 1848లో అమెరికా అటార్నీ జనరల్ ఆ మాట చెల్లదన్నాడు. దాంతో జాన్ హార్స్ అనే నల్ల సెమినోల్ నాయకుడు, కోవాకూచీ అనే సెమినోల్ నాయకుడు కలిసి తమవారిని వెంటబెట్టుకుని మెక్సికోకు దాటిపోయారు. అక్కడ బానిసత్వం అప్పటికే రద్దయింది. కోవహీలా రాష్ట్రంలోని నసిమియెంతో గ్రామంలో వారి వారసులు ఈనాటికీ ఉన్నారు. ఏడేళ్ళ యుద్ధంలో దాదాపు 1,500 మంది అమెరికన్ సైనికులు మరణించారు, వారిలో అత్యధికులు జ్వరాలతో. దాదాపు 4,000 మంది సెమినోలులను ఓడలెక్కించి పడమటికి పంపారు. మరో యుద్ధం తరువాత, 1858 నాటికి, ఫ్లోరిడా చిత్తడి నేలల్లో మిగిలింది కొద్ది వందల మంది. వారు ఏనాడూ లొంగిపోతున్నామని సంతకం పెట్టలేదు. ఆ మాట నేటికీ వారు గర్వంగా చెప్పుకుంటారు.

ఇక్కడితో ఆపితే ఇది పీడకులు ఒకవైపు, పీడితులు మరోవైపు ఉన్న సులువైన కథ అవుతుంది. కులం గురించి రాసే ఈ పేజీ పాఠకులకు తరువాతి భాగమే ముఖ్యమని నా అభిప్రాయం. పడమట, ఇప్పటి ఓక్లహోమాలో, సెమినోల్ నేషన్ ఏర్పడింది. అంతర్యుద్ధం ముగిశాక 1866 ఒడంబడిక నల్ల సెమినోలులకు సమాన హక్కులు ఇచ్చింది. ఆ నేషన్‌లోని 14 బృందాల్లో రెండు నేటికీ వారివే. కానీ ప్రభుత్వం తరువాత పేర్లు నమోదు చేసినప్పుడు రెండు జాబితాలు తయారు చేసింది, ఒకటి ‘రక్తం’ ఉన్నవారిది, మరొకటి ‘విముక్తులది’. 1976లో ఫ్లోరిడా భూములు లాక్కున్నందుకు సెమినోలులకు 1.6 కోట్ల డాలర్ల పరిహారం మంజూరైంది. వడ్డీతో పెరిగిన ఆ సొమ్మును పంచే చట్టం 1990లో వచ్చింది. ఆ సొమ్ము 1823 నాటికి ఫ్లోరిడాలో ఉన్న సెమినోల్ నేషన్‌కు చెందుతుందని, ఆ నాటికి నల్లవారు భూమి హక్కుదారులు కారని చెప్పి విముక్తుల వారసులకు వాటా నిరాకరించారు. కోర్టులకు వెళ్ళినా ఫలితం దక్కలేదు. 2000లో సెమినోల్ నేషన్ తన రాజ్యాంగాన్ని సవరించి, ఎనిమిదో వంతు సెమినోల్ రక్తం ఉంటేనే సభ్యత్వం అని ఓటు వేసింది. సమాఖ్య ప్రభుత్వం, కోర్టు ఆ సవరణను ఒప్పుకోలేదు కనుక సభ్యత్వం తిరిగి వచ్చింది. పథకాల్లో పూర్తి వాటా మాత్రం రాలేదు. కొవిడ్ కాలంలో టీకా, వైద్యం దగ్గర కూడా ఈ గీత అడ్డు వచ్చింది. 2021లో గానీ ఆదివాసుల ఆరోగ్య సంస్థ వారిని తమవారిగా చూస్తామని ప్రకటించలేదు.

పైన్ చెట్ల చాటున పక్కపక్కన నిలబడి పోరాడినవారి వారసుల మధ్య ఈ గీత ఎలా వచ్చింది? ఆదివాసుల మీద నింద వేసి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. రక్తాన్ని వంతులుగా కొలిచే తూనికను వారికి ఇచ్చింది అమెరికా ప్రభుత్వమే. హక్కు చిన్నదిగా ఉండి, దాన్ని పంచుకోవలసినవారు ఎక్కువగా ఉన్నప్పుడు పక్కవాడి పుట్టుక మీద ప్రశ్న లేస్తుంది. కానీ ఇచ్చిన తూనికను చేతిలోకి తీసుకున్నందుకు బాధ్యత కూడా ఉంటుంది. శ్రేణీకృత అసమానత అని అంబేద్కర్ చెప్పినదాని మర్మం ఇదే. పైవాడు తన కింది మెట్టు మీదివాడికి, వాడి కిందివాడిని చూపిస్తాడు. ఆ చూపు ఒకసారి అలవడితే పైవాడు లేకపోయినా మెట్లు నిలిచే ఉంటాయి.

ఈ ఆలోచనలకు మన నేలతో ఒక పాత బంధం ఉంది. మహాత్మా జోతిరావ్ ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ గ్రంథాన్ని, నీగ్రో బానిసత్వాన్ని తొలగించేందుకు త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. పచెకో అప్పటికి బతికే ఉన్నాడు. ఫూలేకు ఫ్లోరిడా చిత్తడి నేలల సంగతి తెలిసి ఉండనక్కరలేదు, ఆ పోలిక సారం తెలుసు. మరో బంధం స్మారక స్తంభానిది. 1818 జనవరి 1న భీమా కోరేగావ్ పోరు జరిగింది. ఆండ్రూ జాక్సన్ ఫ్లోరిడా మీద దండయాత్ర చేసిన ఏడాది కూడా అదే. కోరేగావ్ దగ్గర ఈస్ట్ ఇండియా కంపెనీ తన విజయానికి గుర్తుగా స్తంభం నాటింది. దాని మీద చెక్కిన పేర్లలో 22 మంది మహర్లు ఉన్నారు. నూరేళ్ళ పాటు అది వలస పాలకుల రాయి మాత్రమే. 1927 జనవరి 1న అంబేద్కర్ దాని ముందు నిలబడి ఆ పేర్లను చదివాక, అది మరొకరి ఆత్మగౌరవానికి చిహ్నమైంది. రాయి మారలేదు. దాని ముందు నిలబడి చదివేవారు మారారు. పేరు చెక్కి ఉండడం వల్లనే ఆ చదువు సాధ్యమైంది. బుష్‌నెల్‌లో నేను నడిచిన బాట పక్కన రాళ్ళు అధికారుల పేర్లే చెప్పాయి.

మా ఊరి చెరువు కట్ట మీద ఒక శిలాఫలకం ఉండేది. కట్టకు సొమ్ము ఇచ్చిన దాతల పేర్లు, వంశాలు, బిరుదులు అందులో ఉన్నాయి. మా తాత ఆ కట్టకు మట్టి మోసినవారిలో ఒకడు. చిన్నప్పుడు ఆ రాతిని కూడబలుక్కుని చదివి, మన పేరు ఎక్కడ తాతా అని అడిగాను. ‘మనది రాతి కింద ఉంది’ అన్నాడు ఆయన. నవ్వుతూనే అన్నాడు. ఆ జవాబులోని బరువు నాకు తెలిసేసరికి ఆయన లేడు.

విగ్రహాలు కూల్చాలా, ఉంచాలా అన్న చర్చ ఈ మధ్య అమెరికాలోనూ, మన దగ్గరా తరచుగా నడుస్తోంది. బుష్‌నెల్ రాళ్ళను కూల్చమని నేను కోరడం లేదు. ఆ చలి ఉదయం ప్రాణాలు వదిలిన పేద సైనికుడికి ఒక రాయి ఉండాలి. తన నేలను కాపాడుకోవడానికి గడ్డిలో పొంచివున్న ముగ్గురు సెమినోలుల చావుకూ ఒక రాయి ఉండాలి. కాలిపోయిన పిలక్లికాహాకు ఒకటి, అపలాచికోలా కోటలో ఒక్క గుండుతో ఆరిపోయిన 270 మందికి ఒకటి ఉండాలి. నాలుగు భాషలు తెలిసి, తన కథను తానే చెప్పుకోవడానికి యాభై ఏళ్ళకు పైగా వేచివున్న లూయీ పచెకో పేరు, అతన్ని బాడుగకు తీసుకున్న సైన్యపు అధికారుల పేర్ల సరసన అంతే పెద్ద అక్షరాలతో ఉండాలి. స్మారకశిల గతాన్ని గుర్తు చేస్తుందని అంటాం. అది అంతకన్నా పెద్ద పని చేస్తుంది. రేపు పరిహారం పంచేటప్పుడు, సభ్యత్వం ఇచ్చేటప్పుడు, టీకా వేసేటప్పుడు ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో అది ఈ రోజే చెప్పేస్తుంది.

తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి డేడ్ సిటీకి దారి చూపే బోర్డు దగ్గర కారు వేగం తగ్గించింది. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ‘నాన్నా, ఆ దుబాసీ పేరు ఇంకోసారి చెప్పండి’ అన్నది. చెప్పాను. ఆమె ఆ పేరును తనలో తాను రెండుసార్లు పలికింది. రాయి పాతేదాకా పేరు నిలవడానికి ఉన్న మార్గం అదొక్కటే.